మహిమ ఖాతాలో పడ్డ జమ

పోయిన ఏడాది చలికాలంలో టాటానగర్‌లో ఒక మిత్రుడి జ్ఞాపకార్థ కూడికకు వెళ్ళాను. నేను హేతువాదినని తెలిసే వాళ్ళు పిలిచారు, తెలిసే నేను వెళ్ళాను. నలభై ఏళ్ళ స్నేహానికి సిద్ధాంతాలు అడ్డు రాకూడదు కదా. వెనక వరసలో ఒక కుర్చీ చూసుకుని కూర్చున్నాను.

బోధకుడు కొరింథీయులకు పౌలు రాసిన రెండో పత్రిక తెరిచి, 3వ అధ్యాయం 18వ వచనం చదివాడు. ప్రభువు మహిమను ముసుగు లేని ముఖంతో చూసేవాళ్ళు ఆ పోలికలోకే మారిపోతారనీ, మహిమ మీద మహిమ పొందుతూ పోతారనీ దాని భావం. చదివి, దండ వేసిన ఫోటో వైపు చెయ్యి చూపించాడు. "ఈ సహోదరుడే దీనికి సాక్ష్యం. తాగుడులో పడి ఉన్నవాణ్ణి మహిమ తాకింది. ఆ రోజు నుంచి చివరి శ్వాస దాకా మెట్టు మీద మెట్టు ఎక్కుతూనే ఉన్నాడు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో ఉన్న అతని భార్య మాత్రం తల వంచుకుని కొంగు నలుపుతూ ఉండిపోయింది.

భోజనాలయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "ఏటన్నయ్యా, ఆ పదిహేడేళ్ళూ నాను చేసిందేటీ లేదా?"

ఆ పూట నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరి పేరూ, ఏ సంఘం పేరూ రాయను. నా తగాదా మనుషులతో కాదు, ఒక బోధతో.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. గ్రీకు రాదు, హీబ్రూ రాదు. కానీ లెక్కల్లో మొదటి సంవత్సరమే నేర్పే పాఠం ఒకటుంది. ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయినంత మాత్రాన లెక్క సరి అయినట్టు కాదు. రామయ్య కట్టిన వంద రూపాయలు పొరపాటున సోమయ్య ఖాతాలో జమ చేస్తే రెండు వైపులా మొత్తాలు చక్కగా కలుస్తాయి. తప్పు ఎక్కడా కనబడదు. నష్టపోయేది మాత్రం రామయ్య. ఆధ్యాత్మిక పరివర్తన గురించిన సాక్ష్యాల్లో నేను చూసే తప్పు సరిగ్గా ఇదే. మార్పు అబద్ధం కాదు. జమ పడిన ఖాతా తప్పు.

నా మిత్రుడి విషయమే తీసుకోండి. మా ఇద్దరి తండ్రులూ శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు పని కోసం ఈ ఊరు వచ్చినవాళ్ళే. అతనిది తాతల కాలంలో కెనడా బాప్టిస్టుల ద్వారా క్రైస్తవంలోకి వెళ్ళిన కుటుంబం. మాది రాముడి గుడికి వెళ్ళే కుటుంబం. కలిసి చదువుకున్నాం, స్వర్ణరేఖలో కలిసి ఈతలు కొట్టాం. అతను ఒక కర్మాగారంలో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. నేను గుమాస్తాగిరీలోకి వెళ్ళి ఊళ్ళు తిరిగాను, సెలవులకు వచ్చినప్పుడల్లా కలిసేవాళ్ళం. ముప్పై దాటేసరికి అతను తాగుడికి బానిసయ్యాడు.

2003లో మానేశాడు. ఎలా మానేశాడో నాకు దగ్గరగా తెలుసు. ఒక్కొక్క పద్దూ రాస్తాను.

ఒకటి, అతని భార్య. జీతం పడే రోజు పాసుబుక్కు, ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకుంది. తిట్లు తింది, ఒకసారి దెబ్బలూ తింది, కార్డు మాత్రం ఇవ్వలేదు. రెండు, ఒక డాక్టరు. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకని ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని మందులిచ్చి మాన్పించాడు, తర్వాత నెలల తరబడి మాత్రలు వాడించాడు. మూడు, పనిలో పై అధికారి ఒకాయన. రాత్రి డ్యూటీ దిగాక తాగే గుంపు నుంచి తప్పించడానికి అతన్ని పగటి షిఫ్టుకు మార్చాడు. నాలుగు, తొమ్మిదో తరగతి చదువుతున్న పెద్ద కూతురు. సాయంత్రమైతే లెక్కల పుస్తకం పట్టుకుని తండ్రి పక్కన కూర్చునేది. అయిదు, ప్రార్థన సంఘం వాళ్ళు. మూడు నెలల పాటు రోజూ రాత్రి ఏడింటికి వచ్చి తొమ్మిదింటి దాకా పాటలు పాడారు. తాగాలనిపించే వేళ అలా గడిచిపోయింది. ఇది నేను మనస్ఫూర్తిగా జమ కడతాను. ఆరు, అతని సొంత పట్టుదల.

ఇన్ని పద్దులూ వేశాక మిగిలిన నిల్వ ఎంత? నాకైతే సున్నా కనిపిస్తోంది. కానీ ఆ సంవత్సరం ఒక ఉజ్జీవ కూడికలో అతనికి కళ్ళ ముందు వెలుగు కనబడిందట. అంతే, మొత్తం జమ ఆ వెలుగు ఖాతాలోకి మారిపోయింది. ఏటేటా అతన్ని నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. మొదటి రెండేళ్ళూ సాక్ష్యంలో డాక్టరు ఉండేవాడు. తర్వాత డాక్టరు పోయాడు. ఆ తర్వాత భార్య పోయింది. చివరికి మిగిలింది వెలుగు ఒక్కటే.

ఈ బోధ ఏమంటుందో న్యాయంగా చెప్పి విమర్శించాలి. నిర్గమకాండం 34వ అధ్యాయంలో మోషే కొండ దిగి వచ్చినప్పుడు అతని ముఖం ప్రకాశించిందనీ, జనం భయపడితే ముసుగు వేసుకున్నాడనీ ఉంది. పౌలు ఆ కథనే తీసుకుని, మోషే ముఖంలోని వెలుగు తగ్గిపోయేది, క్రీస్తు వెలుగు పెరుగుతూ పోయేది అని వ్యాఖ్యానించాడు. మత్తయి సువార్త 17వ అధ్యాయంలో కొండ మీద యేసు రూపాంతరం చెందిన ఘట్టానికీ, పౌలు చెప్పిన మార్పుకీ గ్రీకులో ఒకే క్రియ వాడారు. తూర్పు దేశాల ఆర్థొడాక్స్ చర్చి దీని మీద పెద్ద సిద్ధాంతమే కట్టుకుంది. 14వ శతాబ్దంలో గ్రెగొరీ పలమాస్ అనే సన్యాసి, ఆ కొండ మీది వెలుగు సృష్టింపబడని దైవకాంతి అనీ, ప్రార్థనలో మనిషి దాన్ని చూడగలడనీ వాదించాడు. బర్లాం అనే పండితుడు ఆ సన్యాసులను బొడ్డులో ఆత్మను వెతుక్కునేవాళ్ళని ఎగతాళి చేశాడు. 1341లో కాన్‌స్టాంటినోపుల్ సభ పలమాస్ పక్షమే తీర్పు చెప్పింది. అంటే ఇది బస్తీల్లో మైకు పెట్టి చెప్పేవాళ్ళు కల్పించుకున్నది కాదు. పెద్ద పెద్ద మేధావులు శతాబ్దాలుగా నమ్మినదే.

ఎంతమంది నమ్మారన్నది రుజువు కిందికి రాదు. మాటల అర్థాలే చూడండి. హీబ్రూలో మహిమకు వాడే కావోద్ అనే మాటకు మూలార్థం బరువు. గ్రీకులో వాడే డోక్సా అనే మాటకు మూలార్థం అభిప్రాయం, అందులోంచి పేరుప్రతిష్ఠ అనే అర్థం వచ్చింది. బరువుగా మొదలైంది అభిప్రాయంగా మారింది. తెలుగులోకి వచ్చేసరికి దానికి మహిమ అన్నారు. మన భాషలో ఆ మాటకు అప్పటికే వేరే సంసారం ఉంది. అష్టసిద్ధుల్లో అణిమ తర్వాత వచ్చేది మహిమ. మహిమగల అమ్మవారు అంటే కోరికలు తీర్చే అమ్మవారు. బాబాలు చూపించేవీ మహిమలే. కాబట్టి పౌలు ఏ ఉద్దేశంతో రాసినా, తెలుగువాడి చెవిలో పడేది మాత్రం తాకితే రోగం పోయే శక్తి అనే.

డోక్సా అంటే పేరుప్రతిష్ఠ అన్నాను కదా, దాన్నే మా వ్యాపార లెక్కల్లో గుడ్‌విల్ అంటారు. మన దేశపు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పెట్టిన 26వ అకౌంటింగ్ ప్రమాణంలో ఒక నియమం ఉంది. ఒక సంస్థ తనంతట తాను పెంచుకున్నానని చెప్పుకునే గుడ్‌విల్‌ను ఆస్తిగా పుస్తకాల్లో చూపకూడదు. ఎందుకంటే దాని ఖరీదును నమ్మదగిన విధంగా కొలవలేం. ఒక కిరాణా కొట్టుకు కూడా వర్తించే ఈ జాగ్రత్త ప్రార్థన మందిరాల్లో ఎందుకు వర్తించదు?

కొలవలేకపోవడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఏ ఫలితం వచ్చినా ఈ బోధ ఓడిపోదు. మనిషి బాగుపడితే మహిమ. బాగుపడకపోతే శరీర బలహీనత, విశ్వాస లోపం, సాతాను. రెండూ కానప్పుడు పరలోకంలో పూర్తవుతుంది. లెక్క కలవని మొత్తాలను తాత్కాలికంగా వేసే సస్పెన్స్ ఖాతా అని మాకొకటి ఉండేది. సంవత్సరాంతంలోగా దాన్ని తేల్చకపోతే ఆడిట్ అభ్యంతరం వచ్చేది. పరలోకం అనే సస్పెన్స్ ఖాతా రెండు వేల ఏళ్ళుగా తేలలేదు. అభ్యంతరం పెట్టినవాణ్ణి మాత్రం నాస్తికుడంటారు.

మదర్ థెరీసా ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాయి. 1997లో ఆమె చనిపోయేదాకా, దాదాపు అర్ధ శతాబ్దం, కొద్దికాలం తప్ప దేవుడి సన్నిధి తనకు అనుభవంలోకి రాలేదని, లోపలంతా చీకటేనని ఆమె తన గురువులకు రాసుకుంది. ఆ ఉత్తరాలు చదివాక ఆమె మీద నాకు జాలీ కలిగింది, గౌరవమూ పెరిగింది. వెలుగు కనపడకపోయినా పని మానలేదు కదా! కానీ చర్చి ఏం చేసింది? ఆ చీకటే పవిత్రతకు గుర్తు అంది. 2016లో పునీతురాలిగా ప్రకటించింది. వెలుగు కనిపించినా జమే, కనిపించకపోయినా జమే. ఖర్చు వైపు గీతే లేని ఖాతాను ఏ ఆడిటరు ఒప్పుకుంటాడు?

పోనీ, ఒక్క మనిషి సంగతి వదిలేసి జనసమూహాలను చూద్దాం. తెలుగు క్రైస్తవ చరిత్రలో పరివర్తన అనగానే ఒంగోలు గుర్తుకొస్తుంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దాన్ని పెంతెకొస్తు నాటి వెలుగుతో పోల్చి చెప్పుకుంటారు. దాని వెనక జరిగింది చూడండి. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాష్ట్రాన్ని పీడించిన ఘోరమైన కరువు. మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపాడు కూడా. ఆ నిజాయితీకి నమస్కారం. అంతకు పదేళ్ళ ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వృద్ధుడు కాలినడకన పల్లెలు తిరిగి జనాన్ని కూడగట్టాడు. తర్వాత బడులు వచ్చాయి. చచ్చిన పశువు మాంసం మానేశారు. పిల్లలు పలకలు పట్టారు. ఇది నిజమైన పరివర్తన. ఏ కోర్టులో అయినా సాక్ష్యం చెబుతాను.

దీన్ని ఎవరి ఖాతాలో జమ కట్టాలి? కూలి డబ్బుకు, బడికి, పేరయ్య కాళ్ళకు, అన్నిటికన్నా ముందు, మేమూ మనుషులమే అని తలెత్తిన ఆ మాదిగ పల్లెలకు. మహిమ దిగివచ్చి వాళ్ళను మార్చిందనడం వాళ్ళ సొంత పోరాటాన్ని లాక్కోవడమే. ఇంకో మాట. మహిమ నిజంగా మనుషులను ఒకే పోలికలోకి మార్చేదైతే అన్నిటికన్నా ముందు పోవలసింది కులం. పోయిందా? మతం మారిన అంటరానివాళ్ళ స్థితి గురించి రాసిన వ్యాసంలో అంబేడ్కర్, క్రైస్తవంలోకి వెళ్ళినా కులం వాళ్ళను వదల్లేదని చూపించాడు. జాషువా క్రైస్తవ ఇంట్లో పుట్టీ అంటరానితనం అనుభవించాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుణ్ణి షెడ్యూల్డ్ కులంగా గుర్తించదు. ఊరు మాత్రం అతన్ని ఇప్పటికీ గుర్తిస్తుంది. ఇది ఊరి తప్పే, ఒప్పుకుంటాను. మరి చర్చి లోపల జరిగే పెళ్ళి సంబంధాల మాటేమిటి? నా మిత్రుడి కూతురికి వచ్చిన ఒక క్రైస్తవ సంబంధం, ఫలానా కులం అని తెలిశాక వెనక్కి పోయింది. ఆ ఇంటి గోడ మీద కూడా ఇదే వచనం ఫ్రేము కట్టి ఉంది.

ఇక్కడ నన్నొక ప్రశ్న అడుగుతారు. పాతికేళ్ళుగా అడుగుతున్నదే: "ఏ నమ్మకంతోనైతేనేం, ఒకడు తాగుడు మానాడు. నీకొచ్చిన నష్టమేమిటి?"

న్యాయమైన ప్రశ్నే. దీనికి ఒక అమెరికన్ కథ పనికొస్తుంది. 1934 డిసెంబరులో న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో బిల్ విల్సన్ అనే తాగుబోతు చేరాడు. మంచం మీద ఉండగా గది నిండా తెల్లని వెలుగు కనబడిందనీ, తాను విముక్తుడయ్యాననీ చెప్పాడు. మళ్ళీ జన్మలో తాగలేదు. ఆ సమయంలో ఆ ఆసుపత్రి ఇచ్చే చికిత్సలో బెల్లడోనా ఉండేది. లేనివి కనబడేలా చేసే గుణం ఆ మందుకు ఉంది. సరే, వెలుగు ఎక్కడిదైనా కానీండి. తాగుడు మాన్పించిన ఆ వెలుగు సిగరెట్టును మాత్రం మాన్పించలేదు. ఊపిరితిత్తులు పాడై 1971లో పోయాడు.

అయితే అతను 1935లో ఇంకో తాగుబోతుతో కలిసి పెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ లక్షలమందికి పనికొచ్చింది. 2020లో వచ్చిన కాక్రేన్ సమీక్ష, తాగుడు పూర్తిగా మానడంలో ఆ పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోదనీ కొన్ని కొలతల్లో మెరుగనీ తేల్చింది. హేతువాదిగా నేను దీన్ని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటున్నాను. వాళ్ళూ ఒక పై శక్తి మాట ఎత్తుతారు. కానీ వాళ్ళ గదిలో ఒక మంచి అలవాటు ఉంది. పదేళ్ళు మానినవాడు నిన్న రాత్రి తాగి వస్తే, లేచి నిలబడి, నాకు మళ్ళీ మొదటి రోజు అని చెప్పుకోవచ్చు. కుర్చీ తీసెయ్యరు. కింద పడ్డవాడికి అక్కడ పద్దు ఉంది.

మహిమ మీద మహిమ అనే నిచ్చెనలో దిగేవాడికి మెట్టు లేదు. నా మిత్రుణ్ణి దెబ్బతీసింది అదే.

2020లో అతను రిటైరయ్యాడు. చేతికి పెద్ద మొత్తం వచ్చింది. ఆ వెంటనే లాక్‌డౌన్. చర్చి మూతపడింది, పాటలు ఆగిపోయాయి, పగలంతా ఖాళీ. పదిహేడేళ్ళ తర్వాత మళ్ళీ సీసా పట్టాడు. వైద్యులు దీన్ని వింతగా చూడరు. బీపీ తగ్గినవాడికి మళ్ళీ పెరిగినట్టే, తిరగబెట్టడం ఈ జబ్బు స్వభావంలోనే ఉంది. మళ్ళీ చికిత్స ఉంది. కానీ చర్చి తెరిచాక అతన్ని ఎప్పటిలాగే సాక్ష్యానికి నిలబెట్టారు. అతనూ ఎప్పటిలాగే చెప్పాడు. నోట్లో యాలకులు వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఎవరికీ చెప్పనని భార్య చేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు.

2022లో నాకు తెలిసింది. రాంచీ పోదాం రా అన్నాను. కాంకేలో కేంద్ర మనోరోగ చికిత్సాలయం ఉంది, 1918 నుంచీ నడుస్తున్నది, మత్తు అలవాట్లకు ప్రత్యేక విభాగమే ఉంది, ఇక్కడి నుంచి మూడు నాలుగు గంటల దారి. అతనన్న మాట ఇది: "వెళ్తే అందరికీ తెలిసిపోద్దిరా. మహిమ చూసినోడు మళ్ళీ పడ్డాడంటే, అప్పుడు చూసిందే అబద్ధమంటారు. ఇన్నేళ్ళ సాక్ష్యం ఏమైపోవాలి?" ఆరోగ్యం కన్నా సాక్ష్యం పెద్దదయింది. కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అప్పటికి చాలా ఆలస్యమైంది.

చంపింది సారా. బోధ చంపిందని నేను అనను, అంటే అది అబద్ధపు పద్దు అవుతుంది. కానీ వైద్యుడి గుమ్మం దాకా పోనీకుండా రెండేళ్ళు ఆపింది మాత్రం ఈ బోధ అతని మెడకు తగిలించిన పరువు. నా ఖాతాలోనూ ఒక ఖర్చు రాసుకోవాలి. తెలిసిన మొదటి మూడు నెలలూ నేను అతనితో మతం గురించి వాదించి గెలుస్తూ కూర్చున్నాను. బండి మాట్లాడి ఎక్కించుకుని పోవలసింది.

చిత్రమేమిటంటే, అతనికి కావలసిన మాట అదే పత్రికలో ఉంది. 3వ అధ్యాయంలో మహిమ గురించి రాసిన పౌలే, 12వ అధ్యాయంలో తన శరీరంలో ఒక ముల్లు ఉందనీ, తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా పోలేదనీ రాసుకున్నాడు. దేవుడి కృప చాలునని దాన్ని సర్దుకున్నాడు. సర్దుబాటు నాకు నచ్చకపోవచ్చు, ముల్లు ఉందని ఒప్పుకున్న నిజాయితీ నచ్చింది. ఉజ్జీవ కూడికల్లో 3వ అధ్యాయం గొంతెత్తి చదువుతారు. 12వ అధ్యాయం దాకా వచ్చేసరికి వాన్‌లో సామాను సర్దేస్తుంటారు. ఎందుకంటే ముల్లు పోనివాడి సాక్ష్యానికి కానుకలు రావు.

వెలుగును చూస్తే మనిషి మారతాడా అంటే, మారతాడు. మా ఊళ్ళో అది అందరికీ తెలుసు. కొలిమి నోట్లోకి ఏళ్ళ తరబడి చూసినవాడికి కంట్లో శుక్లాలు వస్తాయి. అందుకే నీలం అద్దాలు ఇస్తారు. ఎంత వేడికి, ఎన్నేళ్ళకు, అద్దం పెట్టుకుంటే ఎంత తగ్గుతుంది అన్నీ కొలవవచ్చు. హిందువైనా క్రైస్తవుడైనా ముస్లిమైనా ఒకేలా వస్తాయి. కారణం అంటే అలా ఉండాలి. మహిమ విషయంలో అలా లేదే! ఇదే వచనాన్ని చదువుకున్న జాన్ కాల్విన్, 1553లో జెనీవాలో సెర్వెటస్ అనే వైద్యుణ్ణి మతద్రోహి అని పట్టించాడు, అతన్ని బతికుండగానే తగలబెట్టారు. ఇదే వచనం చదువుకున్న గ్లాడిస్ స్టెయిన్స్, 1999 జనవరిలో ఒరిస్సా మనోహర్‌పూర్‌లో తన భర్తనూ ఇద్దరు పసిపిల్లలనూ జీపులో పెట్టి తగలబెట్టినవాళ్ళను క్షమిస్తున్నానంది. తగలబెట్టించినవాడికీ క్షమించిన ఆమెకూ ఒకే మహిమ కారణమంటే అది దేనికీ కారణం కాదని అర్థం. ఆమె క్షమ ఆమెదే. ఆ పెద్ద మనసును ఆమె పేరునే జమ కట్టాలి.

మనోహర్‌పూర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి స్పష్టంగా చెప్పాలి. నా వ్యాసం చూపించి పాస్టర్లను కొట్టడానికి బయలుదేరే బాపతు ఎవరైనా ఉంటే, వాళ్ళు నా మిత్రులు కారు. జార్ఖండ్‌లో 2017లో మతమార్పిడి నిరోధక చట్టం వచ్చింది. ఒక మనిషి ఏ దేవుణ్ణి నమ్మాలో కలెక్టరుకు చెప్పుకోవలసిన పనేమిటో నాకు అర్థం కాదు. పైగా ఈ రోగం ఒక్క మతానిదే కాదు. మా పెద్దమ్మ మోకాళ్ళ నొప్పి ఒక బాబా విభూతితో తగ్గిందని ఇరవై ఏళ్ళు చెప్పింది. ఆ ఇరవై ఏళ్ళూ రోజూ కాళ్ళకు నూనె రాసిన కోడలి పేరు ఒక్కసారీ ఎత్తలేదు. దర్శనమాత్రం చేత పాపాలు పోతాయన్నదీ, మహిమను చూస్తే మారిపోతారన్నదీ ఒక పాఠమే. రెండు చోట్లా జమ పోగొట్టుకునేది ఇంట్లో చాకిరీ చేసే ఆడదే.

క్రైస్తవ మిత్రులకు నా మనవి చిన్నది. దేవుణ్ణి మానమని అడగను, మీరు మానరు. సాక్ష్యం చెప్పించేటప్పుడు డాక్టరు పేరు, భార్య పేరు కూడా చెప్పించండి. మళ్ళీ పడ్డవాడు లేచి చెప్పుకోవడానికి ఒక కుర్చీ ఉంచండి. తాగుడు మాన్పించడానికి ఎవరినీ గదిలో పెట్టి ఉపవాస ప్రార్థన చేయించకండి, ఆ మొదటి రోజుల్లో ప్రాణాపాయం ఉంటుంది, ఆసుపత్రికి తీసుకుపొండి. మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం ప్రభుత్వం 14446 నంబరు పెట్టింది, దాన్ని మీ చర్చి గోడ మీద వచనం పక్కనే రాయండి. ఇవన్నీ చేసినా మీ దేవుడికి తరుగు రాదు.

ఇక ఆ చెల్లెలికి నా జవాబు. లెక్కల్లో తప్పు ఖాతాలో పడిన జమను కొట్టివేతలు లేకుండా సవరించే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని సవరణ పద్దు అంటారు. పాత పద్దును చెరపరు. దాని కింద కొత్తగా తేదీ వేసి రాస్తారు. నేనిక్కడ రాస్తున్నాను:

మహిమ ఖాతాకు ఖర్చు, పదిహేడేళ్ళు. భార్య ఖాతాకు జమ, ఏటీఎం కార్డు ఇవ్వనన్నందుకు. డాక్టరు ఖాతాకు జమ, ఎనిమిది రోజులకూ తర్వాతి మాత్రలకూ. షిఫ్టు మార్చిన అధికారి ఖాతాకు, లెక్కల పుస్తకం పట్టుకు కూర్చున్న కూతురి ఖాతాకు, మూడు నెలలు పాటలు పాడిన పొరుగువాళ్ళ ఖాతాకు జమ. మిగిలినదంతా నా మిత్రుడి ఖాతాకు. వివరణ: పొరపాటున వేరే ఖాతాలో పడిన మొత్తాన్ని అసలు హక్కుదారులకు మార్చడమైనది.

నువ్వు చేసింది చాలా ఉందమ్మా. అదంతా నీదే.